పాతబస్తీ ఇంటి కొలత

చార్మినార్ నుంచి కోట్ల అలీజా వైపు పోయే దారిలో సర్దార్ మహల్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1900లో సర్దార్ బేగం కోసం యూరోపియన్ పద్ధతిలో కట్టించిన మేడ అది. బేగంకు ఆ కట్టడం నచ్చలేదు. అందులో కాపురమే ఉండలేదు. నిజాం పోయాడు, తర్వాత రాజ్యమూ పోయింది, ఇంటిపన్ను బకాయి మాత్రం ఎక్కడికీ పోలేదు. 1965లో హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ ఆ బకాయి కింద మహల్‌ను స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి బల్దియా ఆఫీసు అందులోనే నడిచింది. పుట్టిన సర్టిఫికెట్లకీ, పోయినవాళ్ల సర్టిఫికెట్లకీ, ఇంటిపన్ను తకరారులకీ పాతబస్తీ జనం ఆ మెట్లే ఎక్కి దిగారు. ఈ మధ్య ఆ భవనాన్ని వారసత్వ కట్టడంగా బాగుచేయడం మొదలుపెట్టారు.

కాపురం లేని ఇంటికి పన్ను తగ్గించమని అడిగే వీలు మన మునిసిపల్ చట్టంలో ఉంది. అయితే అడగాలి, రాసి అడగాలి, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే అడగాలి. అడగకుండా ఊరుకున్న ఇంటికి చట్టం దానంతటది వచ్చి సాయం చేయదు. రాజుగారి మేడకైనా, గల్లీ చివర రేకుల ఇంటికైనా ఇదే పద్ధతి.

పన్ను కట్టకపోవడం వేరు, ఈ పన్ను తప్పని చెప్పడం వేరు. మా పాతబస్తీలో ఈ రెండూ కలిసిపోయాయి. బిల్లు ఎక్కువొచ్చిందని అనిపిస్తే ముందు కార్పొరేటర్ ఇంటికి పోతారు. అక్కడ పని కాకపోతే బిల్ కలెక్టర్‌ను బతిమాలతారు. అదీ కాకపోతే కోపమొచ్చి ఆ కాగితాన్ని అల్మారాలో పడేసి, ఎవరొస్తారో రానీ చూద్దాం అంటారు. ఆ కోపంలో న్యాయం ఉండొచ్చు. కానీ అది ఏ రిజిస్టర్‌లోనూ నమోదు కాదు. రిజిస్టర్‌లో నమోదయ్యేది బకాయి ఒక్కటే. దాని మీద నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. తప్పుగా వేసిన పన్ను మీద కూడా అంతే వడ్డీ పెరుగుతుంది, ఎందుకంటే అది తప్పని కాగితం మీద ఎవరూ చెప్పలేదు.

ఊరుకోవడాన్ని మనకు అలవాటు చేసినవాళ్లలో ప్రభుత్వం కూడా ఉంది. 2020లో, 2022లో, 2024లో, 2025లో ఓటీఎస్ (వన్ టైమ్ సెటిల్‌మెంట్) పెట్టారు. పాత బకాయి అసలు కట్టేస్తే వడ్డీలో 90 శాతం మాఫీ. బీదవాళ్లకు ఊరట దొరికితే సంతోషమే, నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఏప్రిల్‌లోనే ఏడాది పన్నంతా కట్టిన మనిషికి ఎర్లీ బర్డ్ పేరుతో దొరికేది 5 శాతం తగ్గింపు. గడువులోపల అర్జీ రాసి, కొలతలు చూపించి, ఇది తప్పని పద్ధతి ప్రకారం చెప్పిన మనిషికి ఏ పథకమూ లేదు, అతనికి దొరికేది తారీఖు మాత్రమే. పథకాలు ఇలా ఉంటే జనం ఎవరిని చూసి నేర్చుకుంటారు? ఎగ్గొట్టినవాణ్ని చూసి నేర్చుకుంటారు. ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే నేను చూసినంతలో పద్ధతి ప్రకారం అడిగినవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు, పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లు.

ఇంతకీ ఈ పన్ను ఎలా వేస్తారో తెలియకుండా తప్పని చెప్పలేం. హైదరాబాద్‌లో ఇంటిపన్ను అద్దె మీద నడుస్తుంది. మీరు అద్దెకిచ్చారా లేదా అన్నది కాదు, ఆ ఇంటికి ఎంత అద్దె వచ్చే అవకాశముంది అన్నది. కట్టడం చోటు ఎన్ని చదరపు అడుగులో కొలుస్తారు, దాన్ని ప్లింత్ ఏరియా అంటారు. ఆ ప్రాంతంలో, ఆ రకం కట్టడానికి చదరపు అడుగుకు నెలకు ఇంత అని ఒక రేటు ఉంటుంది. రెండూ హెచ్చవేసి 12తో గుణిస్తే ఏడాది అద్దె విలువ. అది 600 రూపాయల దాకా ఉంటే పన్ను లేదు. 1,200 దాకా 17 శాతం, 2,400 దాకా 19, 3,600 దాకా 22, ఆ పైన 30 శాతం. అందులో తరుగుదల కింద 10 శాతం తీసేసి, గ్రంథాలయ సెస్సు 8 శాతం కలుపుతారు. ఇప్పుడున్న ధరల్లో చాలా ఇళ్లు 30 శాతం వరసలోనే పడతాయి కాబట్టి, ఈ గుణకారాలన్నీ కలిపి చూస్తే చదరపు అడుగుకు ఏడాది పన్ను ఆ నెల రేటుకు మూడున్నర రెట్లు తేలుతుంది. అంటే రేటు రూపాయి అనుకుంటే, 600 చదరపు అడుగుల ఇంటికి ఏడాదికి 2,100 రూపాయలు. మల్గీలకూ (దుకాణం గదులకూ) ఆఫీసులకూ కూడా ఇదే మూడున్నర. కాకపోతే వాటి చదరపు అడుగు రేటు ఇంటి రేటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ లెక్కలో ఒక గీత ఉంది, పాతబస్తీ చిన్న ఇళ్లకు ప్రాణం లాంటిది. 2016 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల ముందు అప్పటి ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. ఏడాది పన్ను 1,200 దాటని నివాస గృహాలు నామమాత్రంగా 101 రూపాయలు కడితే చాలు. మంచి నిర్ణయం. కానీ ఆ గీతకు ఇటూ అటూ ఉన్న ఇళ్లను చూడండి. రేటు రూపాయే అనుకుందాం. 340 చదరపు అడుగుల ఇంటికి పన్ను 1,190 వస్తుంది, ఆ ఇంటివాళ్లు 101 కడతారు. 350 అడుగుల ఇంటికి 1,225 వస్తుంది, వాళ్లు మొత్తం కట్టాలి. తేడా 10 చదరపు అడుగులు. అందులో మంచం కూడా పట్టదు. నీళ్ల డ్రమ్మూ బిందెలూ పెట్టుకునే మూల అంత. టేపు పట్టిన మనిషి ఆ మూలను లోపల రాశాడా బయట రాశాడా అన్న దాని మీద ఏడాదికి వెయ్యి రూపాయల పైన తేడా వస్తుంది. కూలికి పోయే ఇంట్లో వెయ్యి రూపాయలంటే గ్యాస్ బండ.

పైగా మా పాత ఇళ్లను కొలవడం తేలిక కాదు. కొత్త కాలనీలో ఫ్లాటుకు నాలుగు గోడలు, ఒక ప్లాను, ఒక విస్తీర్ణం. హుస్సేనీ ఆలంలోనో శాలిబండలోనో పాత దేవిడీ (పెద్ద మేడ) ముక్కలై మిగిలిన ఇంట్లోకి వెళ్తే ముందు ఒక గుమ్మం, తర్వాత నడవ, తర్వాత ఆకాశం కనిపించే అంగణం, దాని చుట్టూ స్తంభాల దాలాన్, దాలాన్ వెనక గదులు. అంగణంలో సగం మీద ఎండకు తట్టుకోలేక ఎవరో రేకు వేసి ఉంటారు. రెండో గదిలోంచి మెట్లు పైకి పోతాయి, పైన తమ్ముడి వాటా. లాల్ దర్వాజా, గౌలీపురా వైపు మన తెలుగు ఇళ్లు కూడా ఇంతే. ముందర అరుగు, పక్కన మల్గి, మధ్యలో బావి ఉన్న చోట ఇప్పుడు సంపు. ఇందులో ఏది కట్టడం, ఏది ఖాళీ? ఏది మీది, ఏది పక్కవాటా వాళ్లది?

అందరూ మరచిపోయే సంగతి గోడల మందం. ప్లింత్ ఏరియాను బయటి నుంచి కొలుస్తారు, గోడలు అందులోకే వస్తాయి. డంగు సున్నంతో కట్టిన పాత ఇంటి గోడ రెండు అడుగుల మందం ఉంటుంది. లోపల పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గది తీసుకోండి. మనిషి తిరిగే చోటు 100 చదరపు అడుగులు. చుట్టూ రెండడుగుల గోడ ఉంటే బయటి కొలత పద్నాలుగు పద్నాలుగులు, 196. అదే గదికి తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఉంటే 132. పడుకునే చోటు ఒకటే, పన్ను పడే చోటు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఏడాది అద్దె విలువ కట్టేటప్పుడు ఇల్లున్న చోటు, కట్టడం రకం, ఇంటి వయసు, వాడకం అన్నీ చూడాలని చట్టమే చెబుతోంది. నూరేళ్ల జాక్ ఆర్చ్ ఇటుక కప్పునూ, నిన్న మొన్న పోసిన శ్లాబునూ ఒకే వరసలో రాస్తే అది చట్టం అనుకున్న కొలత కాదు. ఇటువంటి తేడా ఎక్కడైనా కనిపిస్తే అదే అర్జీకి ఆధారం.

2024 జులైలో నగరంలో జీఐఎస్ సర్వే మొదలైంది. డ్రోన్లు పైనుంచి ఫోటోలు తీశాయి, తర్వాత మనుషులు ఇంటింటికీ వచ్చారు. లెక్కలోకి రాని పెద్ద భవనాలు లెక్కలోకి వస్తాయి, రావాలి కూడా. కానీ పైనుంచి చూస్తే అంగణం మీద వేసిన రేకు కూడా కప్పులాగే కనిపిస్తుంది. దాని కింద గది ఉందా, గాలి ఆడే ఖాళీ ఉందా అన్నది కిందికొచ్చి చూసిన మనిషి చెప్పాలి. ఆ మనిషి పొరపడితే ఇంటివాళ్లు చెప్పాలి.

మా గల్లీలో అందరూ ఖాలా (పిన్ని) అని పిలిచే ఒకావిడ ఉంది. ఆమె పెనిమిటి ముందు గదిలో కూర్చుని లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజులు చేసేవాడు. గదికి వీధివైపు షట్టర్ ఉండేది, పెళ్లిళ్ల కాలంలో అక్కడే అమ్మేవాడు కూడా. ఆయన పోయాక షట్టర్ దిగిపోయింది. ఇప్పుడా గదిలో మనవడి మంచం, పుస్తకాలు, ఒక మూల బియ్యం డ్రమ్ము. బిల్లులో మాత్రం అది ఇంకా మల్గియే. "బేటా, దుకాణ్ బందై జమానా అయింది, కాగజ్‌లో ఇంకా నడుస్తనే ఉంది" అంది ఖాలా, బిల్లు నా చేతికిచ్చి. ఇందులో ఎవరినీ అనడానికి లేదు. దుకాణం పెట్టినప్పుడు పెట్టామని చెప్పారు, మూసినప్పుడు మూశామని చెప్పాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ట్రంకు పెట్టె తెరిపించి కాగితాలన్నీ చాప మీద పరిచాం. అందులో ఆమె మామగారు నింపిన సెల్ఫ్ అసెస్‌మెంట్ ఫారం నకలు దొరికింది. 1999-2000లో హైదరాబాద్‌లో ఈ పద్ధతి తెచ్చారు, ఇంటి యజమాని తన ఇంటి కొలత తనే రాసి, పన్ను తనే లెక్కకట్టి ఇవ్వడం. మామగారు చాలా శ్రద్ధగా నింపాడు. ఒక్కో గదికీ పొడవు, వెడల్పు ఉర్దూ అంకెల్లో పెన్సిల్‌తో పక్కన వేసుకుని, మళ్లీ ఫారంలో సిరాతో ఎక్కించాడు. అంగణాన్ని విడిగా రాసి "ఖులా", అంటే కప్పు లేనిది, అని పెట్టాడు. ఆ తర్వాత ఎప్పుడో వచ్చిన లెక్కలో అంగణంలో సగం కట్టడంలో కలిసింది, రేకు వేసిన సగం. కప్పు రకం దగ్గర ఆర్‌సీసీ అని పడింది. తల ఎత్తి చూస్తే ఇనుప దూలాల మధ్య ఇటుకలు విల్లులా వంగిన జాక్ ఆర్చ్ కప్పు కళ్ల ముందే ఉంది.

ఖాలా అర్జీలో రాయాలనుకున్నవి చాలా ఉన్నాయి. భర్త పోవడం, కొడుకు సౌదీ నుంచి డబ్బు పంపకపోవడం, వానొస్తే మోరీ పొంగి గుమ్మం దాకా రావడం. అన్నీ నిజమే, మోరీ మాట మరీ నిజం. ఆ పన్నులో పారిశుధ్యానికీ దీపాలకీ డ్రైనేజీకీ అని కూడా వసూలు చేస్తారు కాబట్టి ఆమె అడగడంలో తప్పేమీ లేదు. కానీ పన్ను సరిచేయమని పెట్టే రివిజన్ పిటిషన్‌లో అది పనికిరాదు. అక్కడ చూసేది అంకె సరిగ్గా ఉందా లేదా అన్నదొక్కటే. అందుకని మూడు మాటలు మాత్రం రాశాం. ముందు గది ఇప్పుడు దుకాణం కాదు, నివాసం. కప్పు ఆర్‌సీసీ కాదు, జాక్ ఆర్చ్. అంగణం ఖాళీ స్థలం, కట్టడం కాదు. ఒక్కో మాటకూ వెనక ఒక కాగితం పెట్టాం. దుకాణం లేదని చెప్పడానికి ఫోటోలు చాలవు, కరెంటు బిల్లు కావాలి. ముందు గది మీటరు ఇంకా కేటగిరీ 2, అంటే వాణిజ్యం కింద ఉంది. అది ఇంటి కేటగిరీలోకి మారిన తర్వాతే అర్జీ ఇచ్చాం. ఒక ఆఫీసులో దుకాణంగా ఉన్న గదిని ఇంకో ఆఫీసులో ఇల్లుగా ఒప్పుకోమంటే ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరి. ఉర్దూలో రాయొచ్చు కదా అని ఖాలా అడిగింది. రాయొచ్చు, 2017 నుంచి తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష. చివరికి తెలుగులో రాసి కింద ఆమె ఉర్దూలో సంతకం చేసింది.

అర్జీ మీద ఆఫీసు నుంచి కొలవడానికి వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ లేకపోతే ఖాలాయే పట్టుకుంది. గోడకు ఆనించాలంటే బియ్యం డ్రమ్ము అడ్డం, ముగ్గురం కలిసి జరిపాం. దాలాన్ కొలిచేటప్పుడు స్తంభం లోపలి అంచు నుంచా, బయటి అంచు నుంచా అని కాసేపు తర్జనభర్జన. కప్పు దగ్గర ఆగి, పైకి చూసి, ఫోన్లో ఫోటో తీసుకుని, కాగితం మీద ఆర్‌సీసీ అన్న మాట కొట్టేశాడు. అంగణంలోకి వచ్చేసరికి రేకు కింద పొయ్యి, గిన్నెలు, ఉతికిన బట్టలు ఉన్నాయి. "వాడుకుంటున్నారు కదమ్మా" అన్నాడు. ఖాలా ఏమీ అనలేదు. తర్వాత ఆర్డరు వచ్చింది. ముందు గది తర్వాతి అర్ధ సంవత్సరం నుంచి నివాసం కిందికి మారింది, కప్పు రకం సరిదిద్దారు, అంగణంలో రేకు ఉన్న సగం అలాగే ఉంచారు. బిల్లు బాగా తగ్గింది. మూడు అడిగి రెండు గెలిచిన ఆమె, ఆ మూడోది ఎందుకు ఒప్పుకోలేదో ఆర్డరులో రాయలేదేమని అడిగింది. సరైన ప్రశ్న. కాదన్నప్పుడు కారణం రాయాలి.

ఆ మూడోదాని కోసం ఇంకా పైకి పోవచ్చు. గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) చట్టం 1955లో, సెక్షన్ 282 కింద, సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో అప్పీలు వేసుకోవచ్చు. ముందు కమిషనర్‌కు ఫిర్యాదు చేసి ఉండాలి, దాని మీద నిర్ణయం వచ్చి ఉండాలి. 15 రోజుల్లో రావాలి, అడిగిన పన్ను ముందుగా జమ చేయాలి. వకీలు ఫీజు, తిరుగుడు కలిపితే రేకు కింద సగం అంగణానికి అది దండగ. ఖాలా ఆ బిల్లు అలాగే కట్టేసింది. చిన్న ఇళ్లకు కోర్టు మెట్టు పేరుకే ఉంది. కింది మెట్టులో పన్ను వేసినవాళ్లే తప్పొప్పులు చూస్తారు, పై మెట్టు అందదు. మన పద్ధతిలో నాకు కనిపించే అసలు లోటు ఇది.

అమెరికాలో మనవాళ్లున్న చోట ఇది ఎలా నడుస్తుందో చూస్తే ఈ లోటు ఇంకా తెలుస్తుంది. డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనోల్లో తెలుగు ఇళ్లలో ఏప్రిల్, మే నెలల్లో ఇదే కబురు. ఇంటి విలువ ఇంత అని నోటీసు వస్తుంది. మామూలుగా మే 15 లోపల ప్రొటెస్ట్ వేస్తారు. పక్కిళ్లు ఎంతకు అమ్ముడయ్యాయో, తమ ఇంటి పునాదిలో పగుళ్లు ఎక్కడున్నాయో ఫోటోలతో చూపిస్తారు. ముందు అప్రెయిజల్ ఆఫీసుతో మాట్లాడుకుంటారు. కుదరకపోతే రివ్యూ బోర్డు ముందుకు పోతారు. ఆ బోర్డులో కూర్చునేవాళ్లు ఆ కౌంటీలో ఉండే మామూలు జనం, విలువ కట్టిన ఆఫీసు ఉద్యోగులు కారు. దాన్ని గొడవ అని ఎవరూ అనుకోరు. పన్ను వేసే కాలంలో చేసే ఒక పని, అంతే. అదే మనిషి సెలవుల్లో మలక్‌పేటలో అమ్మానాన్నల ఇంటికొచ్చి వాళ్ల బిల్లు చూసి, ఎవరైనా తెలిసినవాళ్లున్నారా అని అడుగుతాడు.

కానీ మన దగ్గర ఈ పట్టుదల లేకపోలేదు. గుంటూరు పట్టణంలో పన్ను కట్టే జనం ఒక సంఘంగా నిలబడి సుప్రీంకోర్టు దాకా పోయారు. గుంటూరు మునిసిపల్ కౌన్సిల్, గుంటూరు టౌన్ రేట్ పేయర్స్ అసోసియేషన్ మధ్య ఆ కేసు 1970లో తేలింది. తగవు ఇది. అద్దెల నియంత్రణ చట్టం ప్రకారం ఒక ఇంటికి ఫెయిర్ రెంట్ అని ఒక హద్దు ఉంటుంది. మా ఇళ్లకు ఆ హద్దు దాటి అద్దె అడిగే హక్కు మాకే లేనప్పుడు, మునిసిపాలిటీ అంతకంటే ఎక్కువ అద్దె వస్తుందని ఊహించి పన్ను ఎలా వేస్తుంది? ఇదీ జనం వాదన. ఆ ఇళ్లకు ఫెయిర్ రెంట్ ఎవరూ నిర్ణయించలేదు కదా, కాబట్టి ఆ హద్దు మాకు వర్తించదు అన్నది మునిసిపాలిటీ వాదన. కోర్టు జనం మాట విన్నది. నిర్ణయించకపోయినా, నిర్ణయిస్తే ఎంత తేలుతుందో ఆ సూత్రాల ప్రకారమే చూసి వేయాలంది. 1979 చివర్లో ఢిల్లీ ఇళ్ల గురించి దీవాన్ దౌలత్ రాయ్ కపూర్ కేసులో తీర్పిచ్చేటప్పుడు సుప్రీంకోర్టు ఈ గుంటూరు తీర్పునే ఆధారం చేసుకుంది. గుంటూరు వీధుల్లో మొదలైన అర్జీ దేశమంతటా ఇళ్లకు అక్కరకొచ్చింది. ఆ సంఘం వాళ్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

ఆ తర్వాత కొన్ని నగరాలు అద్దె ఊహను వదిలి కొలతవైపు వచ్చాయి. 1993లో పట్నా, వీధి రకం, కట్టడం రకం, వాడకం చూసి చదరపు అడుగుకు ఇంత అన్న లెక్క తెచ్చింది, 1995లో సుప్రీంకోర్టు దాన్ని సరే అంది. ఆంధ్రప్రదేశ్ 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తోంది, ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదన్న హద్దుతో. పద్ధతి ఏదైనా చివరికి ఎవరో ఒకరు టేపు పట్టుకుని గుమ్మంలోకి రావాల్సిందే.

మరి పాతబస్తీలో జనం ఎందుకు అడగరు? సోమరితనం అనేవాళ్లకు ఈ వీధులు తెలియవు. భయాలున్నాయి. పైన అనుమతి లేకుండా ఒక అంతస్తు లేపి ఉంటారు, పెళ్లయిన కొడుకు కోసం. కింద మల్గి గురించి అర్జీ పెడితే పై అంతస్తు బయటపడుతుందని భయం. అనుమతి లేని కట్టడానికి పన్నుతో పాటు జరిమానా కూడా ఉంది మరి. ఇంకో భయం ఇంటి కాగితాలది. ఇక్కడ ఎన్నో ఇళ్లు నోటిమాట హిబా (దానం) మీద, నోటరీ కాగితం మీద, పెద్దమనుషుల ముందు పంచుకున్న వాటాల మీద నిలబడి ఉన్నాయి. పన్ను రసీదే ఆ ఇంటికి దస్తావేజులా చేతిలో ఉంటుంది. అందులో కొలత తగ్గించమని అడిగితే రేపు తమ్ముడో, పక్కింటివాడో, నీ ఇల్లు ఇంతే కదా అంటాడేమోనని భయం. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదు, పన్ను విస్తీర్ణం తగ్గినంత మాత్రాన హక్కు పోదు. ఈ రెండు మాటలూ సర్కిల్ ఆఫీసు గోడ మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. పేరు కూడా ఒక చిక్కు. బిల్లు చనిపోయిన తాతగారి పేరు మీద వస్తుంది, మ్యుటేషన్ కాలేదు, అర్జీ ఎవరు పెట్టాలి? నలుగురు వారసుల్లో ఒకడు సంతకం చేస్తే మిగిలిన ముగ్గురికి అనుమానం. ఆ చిక్కు విప్పుకునే లోపల అర్జీ గడువు దాటిపోతుంది.

2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జీహెచ్‌ఎంసీ శనివారాలు ప్రాపర్టీ ట్యాక్స్ పరిష్కారం పేరుతో సర్కిల్ ఆఫీసుల్లో ఫిర్యాదులు తీసుకుంది. ఆర్థిక సంవత్సరం చివర వసూళ్ల కోసమే పెట్టారనుకున్నా సరే, బిల్లు పట్టుకుని వచ్చిన మనిషిని కూర్చోబెట్టి వినడం మంచి పద్ధతి. దాన్ని మార్చితో ఆపకుండా ఏడాది పొడవునా నడపాలి. చార్మినార్ జోన్‌లో అయితే ఆ రోజు ఉర్దూ చదవగలిగిన ఒక మనిషి బల్ల దగ్గర ఉండాలి.

అంతకంటే ముందు కావాల్సింది ఇంకొకటి ఉంది. ఖాలా చేతికొచ్చిన కాగితంలో మొత్తం విస్తీర్ణం ఉంది, గదుల వారీ కొలత లేదు. ఏ గోడ నుంచి ఏ గోడకు కొలిచారో, అంగణాన్ని ఏం చేశారో అందులో తెలియదు. తెలియని దాన్ని ఎవరు మాత్రం ఎలా కాదంటారు? అసెస్‌మెంట్ పుస్తకం చూసే హక్కు, అందులోంచి రాసుకునే హక్కు ఇంటి యజమానికి చట్టంలోనే ఉన్నాయి. ఆ హక్కు కోసం ఆఫీసుకు రమ్మనే బదులు ఆ పేజీయే ఇంటికి పంపొచ్చు. కొలిచినవాళ్లు వేసుకున్న చేతి నక్షా, ఒక్కో గదికి పొడవు వెడల్పు, కప్పు రకం, వాడకం, చదరపు అడుగు రేటు, కట్టిన ఏడాది ఒక పేజీలో పట్టేస్తాయి. జీఐఎస్ సర్వేతో ఎలాగూ ప్రతి ఇంటి బొమ్మా కంప్యూటర్‌లోకి వస్తోంది. పన్ను వేసేటప్పుడు ఇచ్చే స్పెషల్ నోటీసు వెనకవైపు ఆ బొమ్మ అచ్చువేసి ఇస్తే, టేపు ఉన్న ఏ ఇంటివాళ్లయినా సాయంత్రానికల్లా సరిచూసుకుంటారు. దీనికి అసెంబ్లీ కూర్చోనక్కర్లేదు, చట్టం మార్చనక్కర్లేదు. కమిషనర్ ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది.